పదహారేళ్ల ఆడపులి: ముందరి ఎడమకాలి మణికట్టు దగ్గర వాపు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కొత్త_జూడాక్టర్ · సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను జూలో చేరి రెండేళ్లయింది. అంతకుముందు మండల పశువైద్యశాలలో గేదెలు, గొర్రెలే చూశాను. ఇప్పుడు ఎదురైంది నా అనుభవానికి మించిన పని, అందుకే మీ అందరినీ అడుగుతున్నాను.

మా దగ్గర పదహారేళ్ల ఆడపులి ఉంది. ఇక్కడే పుట్టింది, కీపర్లంతా "పెద్దమ్మాయి" అని పిలుస్తారు. కిందటేడు తూచినప్పుడు 118 కిలోలు. ఆరు రోజులుగా ముందరి ఎడమకాలు కుంటుతోంది. మణికట్టు కీలు దగ్గర, లోపలివైపు, నిమ్మకాయంత వాపు కనిపిస్తోంది. రోజూ ఎనిమిది కిలోల మాంసం తినేది, ఇప్పుడు రెండు కిలోల దాకా వదిలేస్తోంది. నీళ్లు మాత్రం మామూలు కంటే ఎక్కువే తాగుతోందని కీపర్ అంటున్నాడు.

మూడు రోజులు మాంసంలో మెలాక్సికామ్ (నొప్పి, వాపు తగ్గించే మందు) పెట్టాను. కాస్త తేడా వచ్చింది, ఆపగానే మళ్లీ మొదటికొచ్చింది. వయసును బట్టి ఇది కీళ్లవాతమే అనుకుంటున్నాను. ఒక సీనియర్ "స్టెరాయిడ్ డార్ట్ (దూరం నుంచి కొట్టే మందు సూది) కొట్టెయ్, రెండ్రోజుల్లో లేచి తిరుగుతుంది, ఈ వయసులో దానికి మత్తు దేనికి" అన్నారు. నాకు మనసొప్పడం లేదు. అలాగని మత్తు ఇవ్వాలన్నా భయంగానే ఉంది. లేవకపోతే? రెండు రాత్రులుగా ఇదే ఆలోచన. మీరైతే ఏం చేస్తారు?

పశువుల_డాక్టర్_కర్నూలు · సోమవారం, రాత్రి 9:45

అమ్మా, నేను పులిని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎద్దులు, ఆవులు చూసి ముప్పై ఏళ్లయింది. కానీ కీలు వాపు ఎక్కడైనా కీలు వాపే కాబట్టి ఒక మాట అడుగుతా. వాపు కీలు చుట్టూ సమంగా ఉందా, ఒక పక్కనే ఉందా? కీలు లోపల నీరు చేరితే సామాన్యంగా అన్ని పక్కలా ఉబ్బుతుంది. ఒకవైపే గడ్డలా ఉంటే కీలు మీద అనుమానం తర్వాత పెట్టుకో, ముందు చర్మం కింద ఏముందో చూడు. పందెం ఎద్దుకు మోకాలు వాచిందని పిలిస్తే వెళ్లి చూసినా, తుమ్మముల్లు అంగుళం లోపల దిగి చీము పట్టి ఉండేది. ఊళ్లో అందరూ బెణికిందనే పసుపు పట్లు వేస్తున్నారు.

గన్నవరం_ఫైనలియర్ · సోమవారం, రాత్రి 10:02

మేడమ్, ఎన్రోఫ్లాక్సాసిన్ డార్ట్‌లో ఇస్తే ఇన్‌ఫెక్షన్ ఉన్నా కవర్ అయిపోతుంది కదా? నొప్పికి డైక్లోఫెనాక్ కూడా కలిపితే? పశువైద్యశాల పోస్టింగ్‌లో చాలాచోట్ల ఇలాగే ఇవ్వడం చూశాను.

శేషాచలం_నీడ · సోమవారం, రాత్రి 10:50

ఫైనలియర్ బాబూ, అడగడం మంచిదే. కానీ ఈ రెండు మందుల మాట ఇక్కడే తేల్చేద్దాం, చదివేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు.

డైక్లోఫెనాక్ పశువులకు వాడడాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన పశువు కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి, దేశమంతా రాబందులు తుడిచిపెట్టుకుపోయే స్థితి వచ్చింది. 2023లో కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఇంకా ఎక్కడైనా డైక్లోఫెనాక్ వాడుతున్నారంటే అది తప్పు, అది చూసి నేర్చుకోవద్దు. ఎన్రోఫ్లాక్సాసిన్ విషయానికొస్తే, ఇంటి పిల్లుల్లో కిలోకు 5 మిల్లీగ్రాములు దాటితే కంటి వెనకపొర (రెటీనా) దెబ్బతిని చూపు పోయిన కేసులున్నాయి. ముసలిదానికి, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలియనిదానికి, ఏ క్రిమి మీద వాడుతున్నామో కూడా తెలియకుండా ఇవ్వకూడదు.

ఇక కొత్త డాక్టరమ్మ ప్రశ్న. నేను రిటైరై ఎనిమిదేళ్లయింది. పెద్ద పిల్లులతోనే ఉద్యోగమంతా గడిచింది. నీ మనసు ఒప్పుకోలేదన్నావు చూడు, ఆ మాట విను. లోపల చీము ఉంటే స్టెరాయిడ్ దాన్ని ఒళ్లంతా పాకిస్తుంది. పైగా నిన్నమొన్నటిదాకా మెలాక్సికామ్ తిన్న జంతువుకు వెంటనే స్టెరాయిడ్ ఇస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది. రెండ్రోజులు లేచి తిరిగినా, మూడోరోజు నల్లగా విరేచనం అయితే ఏం చేస్తావు?

నీళ్లు ఎక్కువ తాగుతోందన్నావు. ఆ ఒక్క ముక్క నాకు వాపు కంటే ఎక్కువ దిగులు పుట్టిస్తోంది. ముసలి పులుల్లో మూత్రపిండాలు చల్లగా, చప్పుడు లేకుండా చెడిపోతుంటాయి. రక్తపరీక్ష అయ్యేదాకా మెలాక్సికామ్ కూడా మళ్లీ మొదలుపెట్టకు.

పిల్లి_ప్రేమి_ఖమ్మం · సోమవారం, రాత్రి 11:20

నేను డాక్టర్ని కాను. ఒకటే చెప్పాలని రాస్తున్నాను. రెండేళ్ల కిందట మా ఇంటి పిల్లి కాలు వాచింది. మందుల షాపులో అడిగితే పారాసెటమాల్ అరబిళ్ల పాలల్లో ఇవ్వమన్నారు, ఇచ్చాను. తెల్లారేసరికి చిగుళ్లు గోధుమరంగులోకి మారాయి, మొహం ఉబ్బింది, ఊపిరి అందక ఎగపోసింది. సాయంత్రానికి నా ఒళ్లోనే పోయింది. పులి కూడా పిల్లి జాతేగా, దానికీ అంతేనా? ఎవరైనా జూవాళ్లు పొరపాటున కూడా ఇవ్వరని ఆశిస్తున్నాను.

శేషాచలం_నీడ · సోమవారం, రాత్రి 11:38

అమ్మా, చాలా బాధేసింది. మీ తప్పు కాదు, చెప్పినవాళ్లకు తెలియలేదు. అవును, పులి, సింహం, చిరుత, ఇంటి పిల్లి అన్నిటిదీ ఒకటే లోపం. మన కాలేయం పారాసెటమాల్‌ను ఒక ఎంజైముతో మార్చి బయటికి పంపుతుంది. పిల్లి జాతిలో ఆ ఎంజైము తయారుచేసే జన్యువు పనిచేయదు. మందు లోపలే విషమై, రక్తం ప్రాణవాయువును మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది. పులికి ఇచ్చే ప్రతి నొప్పిమందునూ ఈ లోపం గుర్తుపెట్టుకునే లెక్క కట్టాలి. కిలోల్లో పెద్దదే కానీ దాని కాలేయం మాత్రం పిల్లి కాలేయమే.

బోను_తాళాలు · మంగళవారం, ఉదయం 6:05

మేడమ్ నమస్తే. నేను ఇరవై రెండేండ్ల సంది కీపర్ని, వేరే జూ. డాక్టర్లు మాట్లాడుకుంటున్నరు గని నాకు తోచింది చెప్త. మీ కీపర్‌ని పక్కకు కూసోబెట్టుకోని ఇవి అడుగున్రి.

పొద్దుగాల నైట్ హౌస్ (పులి రాత్రి పండుకునే గది) తలుపు తీసినప్పుడు ఎక్కువ కుంటుతున్నదా, తిరిగినంక ఎక్కువైతున్నదా? వాతం నొప్పి ఉన్నది లేవంగనే బిర్రుగ ఉంటది, పది నిమిషాలు తిరిగితే కొంచెం సదురుకుంటది. తిరిగినా కొద్దీ ఎక్కువైతే అది వాతం కాదు.

ఏడ నాకుతున్నది? పులి నొప్పి ఎక్కడుందో నోటితోని చెప్పదు, నాలుకతోని చెప్తది. నాకీ నాకీ వెంట్రుకలు తడిసి రంగు మారినకాడ చూడున్రి.

మొద్దు గీకుడు బంద్ చేసిందా? చేస్తే ఎన్ని దినాలైంది? వాపు ఆరు దినాలదే అని మీరంటున్నరు. గీకుడు బంద్ చేసింది అంతకు ముందే అయితే కథ అప్పుడే మొదలైనట్టు.

అట్లాంటా_వెట్ · మంగళవారం, ఉదయం 7:30

బోను_తాళాలు అన్నా, ఈ మూడు ప్రశ్నలూ మా ఆసుపత్రి ఫారంలో ఉండాల్సినవి.

నాది రాజేంద్రనగర్ పశువైద్య కాలేజీ, ఇప్పుడు అమెరికాలో పెద్ద పిల్లుల ఆశ్రమం ఒకదానికి వెళ్లి చూస్తుంటాను. మేడమ్, మత్తుకు ముందు ఫోన్‌లో వీడియో తీయండి. సమతలం మీద మీవైపు నడిచి వచ్చేది ఒకటి, దూరంగా వెళ్లేది ఒకటి, పక్కనుంచి ఒకటి. నెమ్మది వేగంలో పెట్టి తల చూడండి. నొప్పి ఉన్న ముందరికాలు నేలకు ఆనగానే తల పైకి లేస్తుంది, మంచికాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. తర్వాత పాదం ఎలా ఆనిస్తోందో చూడండి. పంజా లోపలి అంచును గాలిలో ఉంచి, బయటి అంచు మీదే బరువు వేస్తుంటే సమస్య లోపలివైపు ఉన్నట్టు.

కొత్త_జూడాక్టర్ · మంగళవారం, రాత్రి 8:40

పొద్దున్నే మా కీపర్ బాబాయితో కూర్చున్నాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, రెండేళ్లలో ఆయన్ని ఇంత వివరంగా ఏదీ అడగలేదు. ఆయన చెప్పినవి:

మొద్దు గీకడం మానేసి నెల పైనే అయిందట. "ముసలిదైంది కదమ్మా, ఓపిక లేదనుకున్నాను" అన్నాడు. తిరిగేకొద్దీ కుంటు ఎక్కువవుతోంది. నాకేది మణికట్టు లోపలివైపు, ఒక్కచోటే. అక్కడ వెంట్రుకలు తడిసి ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. నిన్నటి నుంచి దగ్గరికెళ్తే కుళ్లిన వాసన కూడా వస్తోందట.

వీడియో తీశాను. అట్లాంటా సార్ చెప్పినట్టే పంజా లోపలి అంచు ఆనించడం లేదు. స్క్వీజ్ కేజ్‌లోకి (జంతువును కదలకుండా పట్టి ఉంచే ఇరుకు బోను) రప్పించి దగ్గరగా చూద్దామనుకున్నాను కానీ దాని జారుడు తలుపు తుప్పుపట్టి సగంలోనే ఆగిపోతోంది, బాగు చేయించమని రాసి ఏడాదైంది.

ఇది డ్యూక్లా, అంటే మణికట్టు లోపలివైపు ఉండే ఐదో వేలి గోరు, అయ్యుంటుందా?

శేషాచలం_నీడ · మంగళవారం, రాత్రి 9:15

నువ్వే పట్టుకున్నావు. నాకూ అదే అనుమానం.

చదివేవాళ్ల కోసం చెప్తాను. పులి ముందరికాలికి ఐదో వేలు, మన బొటనవేలు లాంటిది, మణికట్టు లోపలివైపు కొంచెం పైకి ఉంటుంది. నడిచేటప్పుడు అది నేలకు తగలదు, కాబట్టి దాని గోరు నడకతో అరగదు. వయసులో ఉన్న పులి చెట్టు బెరడు గీకి పాత గోటి తొడుగును ఊడగొట్టుకుంటుంది, లోపల కొత్తది వాడిగా సిద్ధంగా ఉంటుంది. ముసలైనాక, ముఖ్యంగా మోచేతులు నొప్పిపెట్టి లేచి నిలబడి గీకలేని స్థితి వచ్చినాక, తొడుగు ఊడదు. పొర మీద పొర పేరుకుని గోరు పొట్టేలు కొమ్ములా లావై, గుండ్రంగా తిరిగి చర్మంలోకి దిగుతుంది. బయటినుంచి చూస్తే మణికట్టు వాచినట్టే ఉంటుంది.

అంటే గోరు దొరికినంత మాత్రాన కీళ్లవాతం లేదని కాదు. మోచేయి నొప్పి వల్ల గీకడం మానేసి, దానివల్ల గోరు పెరిగి ఉండొచ్చు. రెండూ చూడాలి. మత్తు తప్పదు. అయితే ఒక్కసారే ఇస్తావు, ఆ గంటలో చూడాల్సినవన్నీ చూసేస్తావు. మళ్లీ పడుకోబెట్టే అవకాశం రాదనుకుని సిద్ధమవ్వు.

కీలులోకి సూది దింపి నీరు తీసి పరీక్షకు పంపాలన్న ఆలోచన నీకు వచ్చే ఉంటుంది. కీలు సొంతంగా వాచినప్పుడు అది మంచి పరీక్షే, నేనూ చేసేవాణ్ణి. మంచి నీరైతే లేత పసుపురంగులో, వేళ్ల మధ్య తీగ సాగుతుంది. చీముపట్టినదైతే మబ్బుగా, పలచగా వస్తుంది. కానీ పైనున్న చర్మమే కుళ్లి ఉంటే ఆ చర్మంలోంచి సూది దింపకు. బయటి క్రిమిని నీ చేత్తో శుభ్రమైన కీలులో వేసినట్టవుతుంది. ముందు ఎక్స్‌రే. ఎముక అంచులు తినేసినట్టు కనిపిస్తేనే, వేరే పక్కనుంచి, ఆ సంగతి ఆలోచించు.

అట్లాంటా_వెట్ · మంగళవారం, రాత్రి 11:50

మత్తు మందులేం ఉన్నాయి మీ దగ్గర? టైలెటమిన్-జోలాజిపామ్ ఉన్నా పులికి వద్దు. కొన్ని పులుల్లో రోజుల తర్వాత కూడా వణుకు, తూలుడు లాంటి నరాల లక్షణాలు వచ్చినట్టు రిపోర్టులున్నాయి. ఇక్కడ మేం మెడిటోమిడిన్, కెటమిన్ వాడతాం.

శేషాచలం_నీడ · బుధవారం, ఉదయం 5:50

మన జూల్లో చేతికందేది జైలజిన్, కెటమిన్. మ్యూనిక్‌లోని హెలబ్రున్ జూ పేరు మీద చెప్పుకునే మిశ్రమం ఉంది, మిల్లీలీటరుకు జైలజిన్ 125, కెటమిన్ 100 మిల్లీగ్రాములు. పరిమాణం తక్కువ కాబట్టి బ్లో పైప్ (నోటితో ఊదే గొట్టం) డార్ట్‌లో పట్టేస్తుంది. డోసు ఫోన్‌లో మాట్లాడుకుందాం, ఇక్కడ అంకెలు పెడితే ఎవరో దేనికో వాడతారు.

నేను దెబ్బతిని నేర్చుకున్నవి చెప్తాను. జైలజిన్‌కు పిల్లి జాతి వాంతి చేసుకుంటుంది, కాబట్టి ముందురోజు తిండి పెట్టకు. మీకు వారానికో రోజు ఉపవాసం ఉంటుంది కదా, దాని మర్నాడు పెట్టుకో. తెల్లవారుజామునే మొదలుపెట్టు, మత్తులో ఉన్న పులి ఒంటివేడిని అదుపులో ఉంచుకోలేదు, ఎండెక్కితే 41 డిగ్రీలు దాటడం నేను చూశాను. డార్ట్ పడ్డాక పావుగంట ఎవరూ మాట్లాడకూడదు. పడుకుంది కదా అని లోపలికి వెళ్లొద్దు, పొడవాటి కర్రతో చెవి వెంట్రుకలు కదిలించు, చెవి ఆడిందంటే ఇంకా వినపడుతోంది. కెటమిన్‌లో కళ్లు తెరుచుకునే ఉంటాయి, ముందు కంట్లో ఆయింట్‌మెంట్ వేసి గుడ్డ కప్పాకే మిగతా పనులు. తిరుగుడు మందు యోహింబిన్ తొందరపడి ఇవ్వకు. అది జైలజిన్‌నే తీసేస్తుంది, కెటమిన్‌ను కాదు. కెటమిన్ ఇంకా బలంగా ఉండగా జైలజిన్ తీసేస్తే ఫిట్స్ వస్తాయి.

ఇంకొకటి, ఇది చాలామంది మరిచిపోతారు. మూత్రం మత్తుకు ముందే పట్టుకో. జైలజిన్ పడ్డాక మూత్రం పలచబడిపోతుంది, దాన్ని కొలిస్తే మూత్రపిండాలు చెడ్డాయని తప్పుగా అనుకుంటావు. నైట్ హౌస్ నేల రాత్రే కడిగించి ఆరబెట్టించు, తెల్లారాక నేల మీదినుంచి సిరంజితో పీల్చుకో.

పశువుల_డాక్టర్_కర్నూలు · బుధవారం, ఉదయం 8:20

గోరు పొట్టేలు కొమ్ములా లావవుతుందని సార్ అన్నారు కదా. అమ్మా, కుక్కల గోళ్లు కోసే కత్తెరను నమ్ముకుని పోవద్దు, అది వంగిపోతుంది. పశువుల గిట్టలు కోసే పెద్ద పట్టకారు పట్టుకుపో. నీ పాత పశువైద్యశాలలో ఉంటుంది, అడిగి తెచ్చుకో. కడుపులో చచ్చిన దూడను ముక్కలు చేసి తీసే తీగ రంపం కూడా ఒకటి పెట్టుకో, పట్టకారు దూరే సందు లేకపోతే అదే పనికొస్తుంది.

బేస్‌క్యాంప్_నల్లమల · బుధవారం, మధ్యాహ్నం 1:15

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఇది కూడా కీళ్ల వాపు గురించే. తల్లి నుంచి తప్పిపోయిన చిరుతపిల్ల మా దగ్గర ఆరు వారాలుగా ఉంది. ఎముకలు గుచ్చుకుంటాయని భయపడి బోన్‌లెస్ చికెన్ మాత్రమే పెడుతున్నాం. పది రోజులుగా ముందరికాళ్ల మణికట్లు రెండూ లావుగా కనిపిస్తున్నాయి, ముట్టుకుంటే అరుస్తోంది.

శేషాచలం_నీడ · బుధవారం, మధ్యాహ్నం 1:40

రెండు వైపులా సమంగా ఉంది, పిల్ల, ఒట్టి కండే తింటోంది. ఇది సున్నం కరువు, అంటే కాల్షియం కొరత. కండలో కాల్షియం కంటే భాస్వరం ఇరవై రెట్ల దాకా ఎక్కువ ఉంటుంది. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసుకోడానికి ఒళ్లు ఎముకల్ని కరిగించుకుంటుంది. ఎముక మెత్తబడి, ఎగిరితే చాలు విరుగుతుంది. అడవిలో తల్లి ఎముకా పేగూ అన్నీ కలిపి పెడుతుంది.

ఈ రోజే దాన్ని చిన్న పెట్టెలో, మెత్తటి పరుపు మీద, ఎక్కడానికీ దూకడానికీ వీల్లేకుండా ఉంచండి. ఎత్తుకుంటే కడుపు కింద చెయ్యి పెట్టి, కాళ్ల మీద భారం పడకుండా ఎత్తండి. పచ్చి ఎముకను మెత్తగా కొట్టి కలిపిన కోడిమాంసం మొదలుపెట్టండి, వండిన ఎముక వద్దు, అది పెచ్చులై గుచ్చుకుంటుంది. రేపటికల్లా దగ్గర్లోని జూ డాక్టర్‌తో ఎక్స్‌రే తీయించండి. కాల్షియం ఇంజెక్షన్లు మీరే వేయొద్దు. తొందరగా పట్టుకుంటే చాలావరకు కోలుకుంటాయి.

బేస్‌క్యాంప్_నల్లమల · బుధవారం, మధ్యాహ్నం 1:52

ఇప్పుడే పెట్టెలోకి మార్చాం సార్. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం.

కొత్త_జూడాక్టర్ · ఆదివారం, రాత్రి 10:30

నిన్న పొద్దున చేశాం. ఇప్పటికి కాస్త కుదుటపడి రాస్తున్నాను.

5:40కి బ్లో పైప్ ఊదాను. చేతులు వణికాయి. కీపర్ బాబాయి అటువైపు నిలబడి రోజూ పిలిచినట్టే "పెద్దమ్మాయీ" అని పిలుస్తుంటే అది ఆయన్నే చూస్తూ ఉంది, డార్ట్ తొడలో పడ్డాక కూడా ఒకసారి గుర్రుమని మళ్లీ ఆయనవైపే తిరిగింది. పన్నెండు నిమిషాలకు తల వాల్చింది. 5:58కి లోపలికి వెళ్లాం.

కాలు చేతిలోకి తీసుకుని తడి వెంట్రుకలు పక్కకు తీసేసరికి కనిపించింది. డ్యూక్లా గోరు నా బొటనవేలంత లావు, పసుపురంగు, పైన పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. పూర్తిగా గుండ్రం తిరిగి మొన సొంత వేలి మెత్తలోకే దిగిపోయింది, ఎంత లోతుందో పైకి తెలియలేదు. కుక్కల కత్తెర నిజంగానే వంగింది. కర్నూలు సార్, మీ పట్టకారే దిక్కయింది. రెండు చోట్ల కోసి మొన ముక్కను వెనక్కి లాగితే దాదాపు రెండు సెంటీమీటర్లు వచ్చింది, దాని వెంట నాలుగు చెంచాల దాకా చీము. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. చీము పరీక్షకు తీసి, సెలైన్‌తో, పలచని బీటాడిన్‌తో నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాం. కుడికాలి గోరు కూడా సగం చుట్టు తిరిగి ఉంది, చర్మానికి ఇంకా తగల్లేదు. అదీ కోసేశాం.

ఎక్స్‌రేలో మణికట్టు కీలు శుభ్రంగా ఉంది. వేలి ఎముక అంచులు బాగానే ఉన్నాయి. సూది దింపలేదు. కానీ మోచేతులు రెండింటిలోనూ ఎముక మొలకలు, ఎడమదాంట్లో ఎక్కువ. శేషాచలం సార్ అన్నట్టే జరిగింది, మోచేయి నొప్పికి గీకడం మానేసింది, గీకక గోరు పెరిగింది.

రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే కొలత) 3.3 వచ్చింది. యోహింబిన్ ఇచ్చాక తొమ్మిది నిమిషాలకు తలెత్తింది, గంటన్నరకు నీళ్లు తాగింది. అది తాగుతుంటే బాబాయి అక్కడే మెట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

శేషాచలం_నీడ · ఆదివారం, రాత్రి 11:05

చాలా బాగా చేశావమ్మా. వణికిన చేత్తోనే గురి తప్పకుండా కొట్టావు, అంతకంటే ఏం కావాలి.

క్రియాటినిన్‌ను ఇంటి పిల్లి పట్టికతో పోల్చకు, ఆరోగ్యంగా ఉన్న పులికే అది ఎక్కువ ఉంటుంది. దాని పాత రిపోర్టు ఏదైనా ఉందా? నేల మీదినుంచి తీసిన మూత్రం సాంద్రత ఎంత?

కొత్త_జూడాక్టర్ · ఆదివారం, రాత్రి 11:20

రెండేళ్ల కిందట 2.4. మూత్రం 1.017.

శేషాచలం_నీడ · ఆదివారం, రాత్రి 11:45

అయితే మూత్రపిండాలు అలసిపోయాయి. మెలాక్సికామ్ రోజూ ఇచ్చే మాట మరిచిపో. కొంతమంది కిలోకు 0.05 మిల్లీగ్రాముల చొప్పున నెలల తరబడి ఇస్తారు, మూత్రపిండాలు బాగున్న జంతువుకు అది చెల్లుతుంది, దీనికి చెల్లదు. నొప్పికి గాబాపెంటిన్ మీద పెట్టు, తక్కువతో మొదలుపెట్టి, తూలుతోందేమో చూస్తూ పెంచు. క్యాప్సూల్ విప్పి ఖీమా ఉండలో కలిపితే తింటుంది. ట్రమడాల్ చేదు, ఒక్కసారి నోటికి తగిలిందంటే ఆ తర్వాత ఏ ఉండ పెట్టినా అనుమానమే. చీముకు ప్రస్తుతం అమాక్సిసిలిన్-క్లావులనేట్, పరీక్ష ఫలితం వచ్చాక మార్చాలంటే మార్చు. మాంసం మీద నీళ్లు పోసి పెట్టు, ఎంత నీరు లోపలికి పోతే అంత మంచిది.

సగం వైద్యం నేలలో ఉంది. 1998లో కేంద్రం సర్కస్‌లలో పులులు, సింహాల చేత ఆటలాడించడం నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత తిరుపతి, విశాఖ రక్షణ కేంద్రాలకు వచ్చిన సర్కస్ జంతువుల కాళ్లు మీరు చూసి ఉండాలి. ఇనుప బోన్లలో పడుకుని పడుకుని మోచేతుల మీద కొబ్బరిచిప్పల్లాంటి కాయలు, కొన్నిటికి గోళ్లు వేళ్లతో సహా తీసేసి ఉండేవి. అలాంటి మోచేతికి మందు పోసినా, అదే సిమెంటు మీద పడుకోబెడితే మళ్లీ వాస్తుంది.

బోను_తాళాలు · సోమవారం, ఉదయం 6:10

మేడమ్ శానా సంతోషం. నైట్ హౌస్‌ల చెక్క మంచె ఎత్తు ఎంతున్నది? ముసలిదానికి జానెడు చాలు, దుంకే పని ఉండొద్దు. ఒక మూలకు మోకాలిలోతు ఇసుక పోయించున్రి, వానాకాలం మాత్రం వారం వారం ఎండబోయాలె. మొద్దు నిలబెట్టుడు బంద్ చేసి నేల మీద వాలుగ పెట్టున్రి, పండుకున్న తాననే గీకుతది. గట్టి మొద్దు కాదు, మెత్తటి బెరడున్నది చూడున్రి. మా ముసలి సింహానికి గట్లనే పెట్టినం.

ఇంకోటి. పంజా చూపెట్టుడు నేర్పున్రి. ముసలిది నేర్వదు అంటరు, నేరుస్తది.

అట్లాంటా_వెట్ · సోమవారం, ఉదయం 7:15

నేనూ అదే రాయబోతున్నాను. జాలీకి మణికట్టు ఎత్తున ఒక చెక్కముక్క బిగించండి. కీపర్ కర్ర చివర మాంసం ముక్క పైకి చూపిస్తే అందుకోడానికి పంజా దాని మీద ఆనిస్తుంది. ఆనించగానే విజిల్, వెంటనే ముక్క. రోజుకు ఐదు నిమిషాలు, అంతకు మించి వద్దు. విసుగు కనిపిస్తే ఆపేయండి. పంజా అలవాటయ్యాక తోక బయటికి ఇవ్వడం నేర్పితే, తోక నరం నుంచి రక్తం కూడా మత్తు లేకుండా తీయొచ్చు. ఈ మూత్రపిండాలున్న జంతువుకు అది చాలా అవసరం. చేతులు మాత్రం జాలీలోంచి ఎప్పుడూ లోపలికి పోకూడదు, ఎంత మచ్చికైనా సరే.

గన్నవరం_ఫైనలియర్ · సోమవారం, ఉదయం 9:00

మేడమ్, మీరు ఒప్పుకుంటే సెలవుల్లో వచ్చి ఈ ట్రైనింగ్ చూస్తాను. పులి కాలు వాపంటే మందు పేరే ముందు గుర్తొచ్చింది నాకు. గోరు చూడాలని తట్టనే లేదు.

కొత్త_జూడాక్టర్ · ఏడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:15

అడిగినవాళ్లందరికీ: వాపు పది రోజుల్లో పోయింది. గాయం మూడు వారాలకు మానింది. చీము పరీక్షలో వచ్చిన క్రిమి మేం ఇస్తున్న మందుకే లొంగేది కావడంతో మార్చే పని పడలేదు. తిండి ఏడు కిలోల మీద నిలిచింది. పొద్దున్నే లేచినప్పుడు ఎడమ మోచేయి ఇంకా బిగిసే ఉంటుంది, పదడుగులు వేశాక సర్దుకుంటుంది. అది పూర్తిగా పోయేది కాదని తెలుసు. చలికాలం గాబాపెంటిన్ కొంచెం పెంచాల్సి వస్తుందేమో చూడాలి.

ఇసుక వచ్చింది. మంచె దించాం. స్క్వీజ్ కేజ్ తలుపుకి కొత్త పట్టాలు వేశారు. నల్లమల అన్న నిన్న ఫోన్ చేశారు, చిరుతపిల్ల మణికట్లు తగ్గాయట, కోడిని ఎముకలతో సహా నమిలేస్తోందట.

మొద్దు విషయంలో మాత్రం నెల రోజులు దిగులుపడ్డాను. వాలుగా పెట్టినా దానివైపు చూడనైనా చూడలేదు. మొన్న పొద్దున బాబాయి పరుగెత్తుకుంటూ వచ్చి రమ్మన్నాడు. వెళ్లేసరికి పక్కకు ఒరిగి పడుకుని కుడి పంజాతో బెరడు లాగుతోంది. కాసేపాగి ఎడమది కూడా వేసింది, రెండే గీతలు. బాబాయి మొద్దు దగ్గర నేల మీద దొరికిన గోటి తొడుగు ఒకటి కాగితంలో చుట్టి తెచ్చిచ్చాడు. పలచగా, ఉల్లిపొరలా ఉంది.

ఇవాళ మాంసం ముక్క చూపించకుండానే పంజా చెక్క మీద పెట్టింది, ఎడమదే. డ్యూక్లా గోరు స్పష్టంగా కనిపించింది, మొన చర్మానికి వేలెడు దూరంలో ఉంది. మళ్లీ ఎప్పుడు కోయాలో నెలనెలా ఫోటో తీసి చూసుకుంటాం. ఫైనలియర్ తమ్ముడు వచ్చే నెల ఒకటిన వస్తున్నాడు, జాలీ దగ్గర ఫోటోలు తీసే పని అతనిదే.